పది ముప్పై అయిదు విమానంలో ఒక్క సీటు

షాజాది గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేనే రాస్తున్నాను. నాకు తిక్క ఎక్కువని మా కొట్టుకు వచ్చే రైతులందరికీ తెలుసు. అలాంటివాణ్ణి ఒక మనిషిని మెచ్చుకుంటున్నానంటే అందులో మొహమాటం ఉండదని మీరు నమ్మవచ్చు.

నా పేరు జగన్నాథరావు. ఇల్లు నందిగామలో, పురుగుమందుల కొట్టు జగ్గయ్యపేటలో. నా కొట్టును ఆనుకునే షాజాది టికెట్ల కొట్టు. చిన్న గది. ఒక కంప్యూటరు, ఒక జెరాక్సు మిషను, వచ్చినవాళ్లకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు. బస్సు, రైలు, విమానం, ఏది కావాలన్నా బుక్ చేస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఇంటర్‌తో చదువు ఆపేసింది. ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు. అయినా ఏ విమానంలో ఎన్ని సీట్లు, ఏది పంకాలతో ఎగురుతుంది, ఏది ఎన్ని గంటలకు గన్నవరంలో దిగి మళ్లీ ఎన్నింటికి లేస్తుంది అన్నీ నోటికి చెబుతుంది. గోడకు ఒక తెల్లబోర్డు పెట్టుకుంది. ఆ రోజు తను పంపినవాళ్ల పేర్లు దానిమీద రాస్తుంది. వాళ్లు "దిగాం" అని ఫోను చేస్తేగానీ చెరపదు. చేయకపోతే తనే చేసి ప్రాణం తీస్తుంది. అవతలివాడు ఇంకా సామాను కోసం నిలబడే ఉంటాడు, ఈవిడగారి ఫోను మోగుతుంది.

ఆమె భర్త జాన్‌బాషా. పదకొండేళ్లు జగ్గయ్యపేట, నందిగామ మధ్య షేర్ ఆటో తోలాడు. ఇప్పుడు కారు తిప్పుతున్నాడు. మాట తక్కువ. వాళ్లింట్లో ఆ భాగం కూడా ఆవిడే చూసుకుంటుంది.

ఇక అసలు సంగతి. మా చెల్లెలి కూతురు యశస్వినికి రెండు కిడ్నీలూ పోయాయి. ఇరవై ఆరేళ్ల పిల్ల. చెన్నైలో ఉద్యోగం చేస్తూ అక్కడే జబ్బు పడింది, అక్కడే రెండేళ్లుగా డయాలసిస్. మా చెల్లెలు లేదు. బావ వరప్రసాదరావుకు సుగర్, నాకు బీపీ. ఇద్దరం పనికిరామన్నారు. మా ఆవిడ పుష్పవతిది సరిపోయింది. అయితే మేనమామ భార్య చట్టం లెక్కలో రక్తసంబంధి కాదట. డబ్బు కోసమో, ఎవరైనా బలవంతపెడితేనో ఇవ్వడం లేదని ఒక కమిటీ నమ్మాలి. ఇచ్చే మనిషి స్వయంగా వాళ్ల ముందు కూర్చోవాలి. అసలు కాగితాలు చూపించాలి. భర్త సమ్మతి నోటరీ చేయించి ఫైల్లో పెడితే చాలన్నారు. కావాల్సింది ఆవిడ, ఆవిడతోపాటు ఆ ఫైలు.

బుధవారం పొద్దున పదకొండింటికి ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. రేపు మధ్యాహ్నం మూడింటికి మీ వంతు, తప్పితే మళ్లీ మూడు వారాలకు అన్నారు. అంతకుముందు రోజే డాక్టరు బావతో ఒక మాట అన్నాడు. గుండె చుట్టూ నీరు చేరుతోంది, మూడు వారాలంటే నేనేం హామీ ఇవ్వలేను అని. తహసీల్దారు ఇవ్వాల్సిన బంధుత్వ పత్రం ఇంకా చేతికి రాలేదు. అది సాయంత్రానికిగానీ రాదు. అంటే గురువారం పొద్దున్నే విమానం ఎక్కాలి.

షాజాది దగ్గరికి వెళ్లాను.

"రేపు పొద్దున తొమ్మిదింటికి గన్నవరం నుంచి చెన్నైకి పెద్ద విమానం ఉందటగా. అందులో రెండు వెయ్యి" అన్నాను.

"ఉందండి. నూట ఎనభై సీట్లది. రోజుకి అదొక్కటే" అని కంప్యూటరు వైపే చూస్తూ అంది. "నేను ఏడు పదిది వేద్దామనుకుంటున్నా బాబాయ్‌గారూ. చిన్నది. డెబ్బై ఎనిమిది సీట్లు."

"పంకాలదా?"

"పంకాలదే."

ఒళ్లు మండింది. కిడ్నీ ఇవ్వడానికి వెళ్తున్న మనిషిని పంకాల డొక్కులో కూర్చోబెట్టి గాల్లో ఊపుకుంటూ తీసుకెళ్లమంటావా, నీకు బుర్ర ఉందా, పెద్దదయితే కుదురుగా వెళ్తుంది, పైలట్లూ పెద్దవాళ్లుంటారు అని నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. నేను ఆగాక అడిగింది.

"అయిందాండి?"

"అయింది."

"మా ఆయన ఆటో తోలేటప్పుడు చూసేదాన్నండి. నందిగామ వెళ్లేవాళ్లంతా బస్సు కోసమే నిలబడేవాళ్లు. బస్సులో కాళ్లు చాపుకోవచ్చు, మా ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవాలి. అయినా పది నిమిషాలు చూసి ఆటోనే ఎక్కేవాళ్లు. ఎందుకంటే ఈ ఆటో పోతే ఇంకో ఆటో వస్తది. బస్సు పోతే పోయినట్టే. విమానం కంపెనీవాడి లెక్క కూడా అంతేనండి. వంద సీట్లు ఖాళీగా పెద్దది ఒకసారి తిప్పేకంటే, చిన్నది నిండుగా నాలుగుసార్లు తిప్పితే పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లంతా వాడివైపే వస్తారు."

"మరి ఢిల్లీకి అన్నీ పెద్దవేగా?"

"అక్కడ దిగడానికి చోటు ఉండదండి. ఎప్పుడు పడితే అప్పుడు దిగనివ్వరు. దొరికిన ఒక్కసారికే ఎక్కువమందిని దింపాలని పెద్దది వేస్తారు. మనకి ఆ ఇబ్బంది లేదు. ఈ చిన్నవాటివాడు పొద్దున ఏడు పదికి, మళ్లీ పది ముప్పై అయిదుకి, రెండున్నరకి, రాత్రికి ఒకటి వేసాడు. రేపు మీకు ఏదైనా తేడా వస్తే పది ముప్పై అయిదు ఉంటది. పెద్దదాంట్లో తేడా వస్తే ఎల్లుండే."

"తేడా ఎందుకు వస్తది? నోటితో అనకు. పెద్దదే వెయ్యి."

"నేను వెయ్యనండి. పక్క సెంటర్లో వేయించుకోండి."

లేచి బయటికి నడిచాను. పదడుగులు వేసి ఆగిపోయాను. పక్క సెంటరువాడి దగ్గర వేయించుకుంటే, రేపేదైనా జరిగితే వాణ్ణి తిట్టినా పడడు. వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ అప్పటికే ఏడు పదిదాంట్లో మా ఇద్దరి పేర్లూ టైపు కొట్టేసి ఉంది.

ఇంత మొండితనం ఆవిడకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. కొట్టు పెట్టిన మొదటి ఏడాది జి.కొండూరు నుంచి ఫ్లోరెన్స్ అనే నర్సు వచ్చిందట, కొచ్చిలో విదేశీ ఉద్యోగం ఇంటర్వ్యూకి. సుఖంగా వెళ్తుందని పెద్ద విమానం చూసి వేసింది షాజాది. ఆ విమానానికి ఏదో రిపేరు వచ్చి ఆగిపోయింది. తర్వాతది మర్నాడు. ఫ్లోరెన్స్‌కు ఆ ఉద్యోగం పోయింది. "ఇప్పటికీ బస్టాండులో కనబడితే నవ్వుతుందండి. తిట్టినా బాగుండేది" అంది నాతో. అప్పటినుంచి సీట్లు లెక్కపెట్టడం మానేసి, తర్వాతది ఎప్పుడో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

తహసీల్దారు పత్రం సాయంత్రం అయిదున్నరకు వచ్చింది. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. గురువారం దక్షిణదిక్కుకు ప్రయాణం పనికిరాదు, వారశూల. చెన్నై మనకు దక్షిణమే. ఇలాంటప్పుడు మావైపు ప్రస్థానం పెడతారు. అంటే ముందురోజే మంచి ఘడియ చూసి, ప్రయాణపు సంచి ఒకటి పొరుగింట్లో ఉంచుతారు. మనం అప్పుడే బయలుదేరినట్టు లెక్క. మర్నాడు వెళ్తూ వెళ్తూ ఆ సంచి అందుకుని, ఇంట్లోకి తిరిగి రాకుండా పోవాలి. ఆరుంబావుకు ఘడియ బాగుంది. ఎదురింటి సాంబయ్య దగ్గర సంచి పెట్టాను. ఏదో ఒక చీర, తువ్వాలు పెడితే సరిపోయేది. ముఖ్యమైనదే ముందు బయలుదేరాలని నా తెలివి. ఫైలు మొత్తం అందులో పెట్టాను.

తెల్లవారుజామున జాన్‌బాషా కారు వచ్చింది. పుష్పవతి సాంబయ్య గుమ్మం దగ్గర నిలబడి చెప్పి వస్తుంటే చూశాను. సంచి తీసుకుందనుకున్నాను. ప్రస్థానం సంచి మగవాళ్లే అందుకోవాలి కదా, ఆయన తీసుకునుంటారు అని ఆవిడ అనుకుంది. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి ఇద్దరం బుద్ధిగా ముందుకే చూస్తూ డెబ్బై కిలోమీటర్లు వెళ్లాం.

గన్నవరంలో లోపలికి వెళ్లే గేటు దగ్గర, ఆరింటికి, ఫైలు ఏదన్నాను.

"మీ దగ్గర లేదా?" అంది పుష్పవతి.

ఆ తర్వాత ఒక నిమిషం ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. పెద్దగా అరిచానట, పోలీసు వచ్చి ఏమైందని అడిగాడట. సాంబయ్యకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తడు. ఒంటరి మనిషి. వత్సవాయి దగ్గర అతనికి రెండెకరాల పత్తి ఉంది. తీత రోజులు. ఇంటికి తాళం పెట్టి మొదటి బస్సుకే పోయుంటాడు. ఫోను సంచిలో పెట్టి, సంచి మోటారు షెడ్డులో పెట్టి చేలోకి దిగుతాడు. అతని సంగతి నాకు తెలుసు.

షాజాదికి చేశాను. చెప్పానా అంటుందనుకున్నాను. అనలేదు.

"సంచి ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంది, ఆ రెండే చెప్పండి."

చెప్పాను.

"మా ఆయన్ని కారు తిప్పుకుని మళ్లీ నందిగామ రమ్మనండి. నేను స్కూటీ మీద వత్సవాయి వెళ్తున్నా. తాళం తెస్తా. మీరు లోపలికెళ్లకండి. రెండు నిమిషాల్లో టికెట్ల సంగతి చెప్తా."

రెండు నిమిషాలు కాలేదు, మళ్లీ మోగింది.

"పది ముప్పై అయిదులో ఒక్కటే సీటు ఉందండి. పిన్నిగారిని దాంట్లోకి మార్చేసా. మీరు ఏడు పదికే వెళ్లిపోండి బాబాయ్‌గారూ. చెన్నైలో ముందే ఉంటారు, పిన్నిగారు దిగేసరికి."

"ఆవిడ్ని ఇక్కడ ఒక్కదాన్నే వదిలేసా? విజయవాడ కూడా ఒక్కతే వెళ్లిన మనిషి కాదు. డెబ్బై ఎనిమిదిలో ఎవడో ఒకడు మానుకుంటాడు. చూస్తూ ఉండు. ఇద్దరం కలిసే వెళ్తాం."

"చిన్నదాంట్లో ఉన్న తంటా అదేనండి, ఉన్నవే తక్కువ. మానుకోకపోతే?"

"మానుకుంటాడు" అని పెట్టేశాను. అన్నీ నేను చెప్పినట్టు జరగాలన్న పంతం ఆ సమయానికి కూడా పోలేదు.

ఏడు పది విమానం మేం లేకుండానే లేచింది. పుష్పవతి బయట బెంచీ మీద కూర్చుని చీర కొంగు మడతలు పెడుతోంది. నేను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఏడుంబావుకు షాజాది ఫోను. సాంబయ్య దొరికాడు. చేను ఏదో తెలియక గట్ల మీద స్కూటీ తోసుకుంటూ అడుగుతూ వెళ్లిందట. ఏడున్నరకు జాన్‌బాషా నందిగామలో సాంబయ్య ఇంటి ముందు నిలబడ్డాడు. ఎదురుగా తాళం, లోపల సంచి. పగలగొట్టమన్నాను.

"వద్దు సార్. ఆవిడ వస్తది" అన్నాడు.

ఎనిమిదీ పదికి ఆవిడ వచ్చింది. ఎనిమిదీ పదిహేనుకు ఇద్దరితో కారు కదిలింది. కౌంటరు తొమ్మిదీ ముప్పై అయిదుకు మూసేస్తారు.

సరిగ్గా తొమ్మిదింటికి పెద్ద విమానం లేచింది. నేను నిన్న పట్టుబట్టింది అదే. అంత లావు విమానం నా నెత్తిమీదుగా వెళ్లింది, మళ్లీ రేపు పొద్దునే వస్తుంది. అందులో టికెట్లు వేయించుకుని ఉంటే ఈపాటికి బావకు ఫోను చేసి ఏం చెప్పేవాణ్ణో తలుచుకోవడానికి కూడా భయమేసింది.

కీసర టోల్‌గేటు దాటాం అన్నారు. గొల్లపూడి అన్నారు. తర్వాత ఫోను ఎత్తలేదు. తొమ్మిదీ పదికి ఎత్తి, రామవరప్పాడు రింగులో ఆగాం, ముందు లారీ అడ్డం పడింది అంది షాజాది. పుష్పవతి లేచి గేటు పక్కన నిలబడింది. తొమ్మిదీ ఇరవై నాలుగు. పోలీసు మమ్మల్నే చూస్తున్నాడు. ఇరవై ఎనిమిది. పుష్పవతి చేతిలో ఆధారు కార్డు చెమటకు తడిసింది. ముప్పై ఒకటికి కారు వచ్చింది. ఆగీ ఆగకముందే షాజాది దూకి, సంచి గుండెకు అదుముకుని పరిగెత్తుకొచ్చింది. ఒంటినిండా దుమ్ము, సల్వారు అంచులకు బురద.

రెండో సీటు ఖాళీ కాలేదు.

వారం రోజులుగా పుష్పవతికి పాఠం చెబుతున్నాను. ఇలా అడిగితే ఇలా చెప్పు, అలా అడిగితే అలా చెప్పు అని. ఆఖరుగా ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను. "లోపలికి వెళ్లండమ్మా, మూసేస్తున్నారు" అన్నాడు పోలీసు. ఆవిడ సంచి అందుకుని వెళ్లిపోయింది. అద్దాల అవతల, సామాను తనిఖీ చేసేచోట ఒక్క క్షణం తికమకపడి, ముందున్న మనిషిని చూసి తనూ అలాగే చేసింది. తర్వాత కనబడలేదు.

ఇంటికి వెళ్దాం రండి అన్నాడు జాన్‌బాషా. నేను కదల్లేదు. రోడ్డు పక్కన హోటల్లో కూర్చున్నాం. పన్నెండుంబావుకు బావ ఫోను చేశాడు. దిగిందట, ఆస్పత్రికి తీసుకెళ్తున్నానన్నాడు. షాజాది ఊపిరి పీల్చుకుని అప్పుడు ఇడ్లీ తెప్పించుకుంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని నాకు అప్పుడు తట్టింది.

మూడయింది. ఇక లోపలికి పిలిచి ఉంటారు. నేను గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను.

"లోపల ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఏం అడుగుతారండి?" అంది షాజాది.

"ఇష్టపడే ఇస్తున్నావా, మీ ఆయన బలవంతం చేశాడా అని."

"మీరు అడిగారాండి పిన్నిగారిని, ఇస్తావా అని?"

కోపం వచ్చింది. "అడిగేదేముంది? ఇంట్లో మనిషి" అన్నాను. కానీ మిగతాది నోట్లో ఆగలేదు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు గదిలో, పుష్పవతిది సరిపోయింది అనగానే, "ఇంకేం, మా ఆవిడ ఇస్తుంది" అని నేనే చెప్పేశాను. ఆవిడ నా పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ మొహం వైపు నేను చూడలేదు. ఆ తర్వాత ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. నా చెల్లెలి బిడ్డ, నా మాట, ఆవిడ ఒళ్లు. ఇదంతా షాజాదికి చెప్పుకున్నాను. జీవితంలో నేను ఎవరికీ ఇలా చెప్పుకోలేదు.

"పిన్నిగారు ఉన్నదున్నట్టు చెప్తే?" అంది నెమ్మదిగా.

చెబితే కమిటీ కొట్టేస్తుంది. యశస్విని పోతుంది. చెప్పకపోతే నేను నేర్పిన అబద్ధం చెప్పినట్టు. ఏది కోరుకోవాలో తెలియక ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను. మూడున్నర అయింది. మూడూ యాభై. జాన్‌బాషా కూడా కారులోంచి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

నాలుగూ పదికి మోగింది.

"ఒప్పుకున్నారండి" అంది పుష్పవతి. "రెండ్రోజుల్లో కాగితం ఇస్తారట. వచ్చే వారమే ఆపరేషను."

షాజాదికి వినబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను అడిగాను.

"ఏం అడిగారు?"

"మీ ఆయన బలవంతం ఏమైనా ఉందా అని అడిగారు. తెలుగు వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది."

"ఏం చెప్పావు?"

"మా ఆయన నన్ను అడగనే లేదండి, ఆయనే చెప్పేసారు అని చెప్పా."

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"వాళ్లు కాగితాలు పక్కన పెట్టేసి నావంకే చూసారు. అప్పుడు చెప్పా. ఆయన అడగలేదుగానీ ఆ పిల్ల అడిగింది అని. రిపోర్టు వచ్చిన రోజు ఆస్పత్రిలో మీరు బిల్లు దగ్గర గొడవ పడుతుంటే యశస్విని నన్ను పక్కకి పిలిచింది. అత్తయ్యా, మావయ్య అన్నాడని ఇవ్వద్దు, భయమైతే చెప్పు, నేనే వద్దంటా అంది. భయమేనే, అయినా ఇస్తా అన్నా దానితో. ఇప్పటికీ భయమే, ఇప్పటికీ ఇస్తా. అదే చెప్పా వాళ్లకి."

ఆవిడే మళ్లీ అంది.

"మీరు కూడా వచ్చుంటే మీరు నేర్పిందే చెప్పేదాన్నండి. వాళ్లు నమ్మేవాళ్లు కాదు."